నికెల్ పూత ఉన్న .38 స్పెషల్ తూటా కేసులు మూతి దగ్గర ఇంత త్వరగా ఎందుకు చీలుతున్నాయి?

ప్రశ్న: ఓరుగల్లు_వాసి (డల్లాస్)

సభ్యులందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా మా గ్యారేజీలో ఒక మూలన ప్రెస్సు బిగించుకుని రివాల్వర్‌కు వాడే .38 స్పెషల్ తూటాలను స్వయంగా రీలోడ్ చేసుకుంటున్నాను, అంటే కాల్చేసిన తూటా లోహపు గొట్టాన్ని (కేసును) సరిచేసి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుతున్నాను. కాల్చేది కాగితపు టార్గెట్ల మీద మాత్రమే. వాడేది 148 గ్రెయిన్ల బరువున్న సీసపు వాడ్‌కట్టర్ (ముందు భాగం చదునుగా ఉండే) బుల్లెట్లు, రీలోడింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన వాటిలో తేలికపాటి లోడ్ (మందు మోతాదు). అందువల్ల పీడనం ఎక్కువై కేసులు పాడవుతున్నాయన్న అనుమానానికి తావు లేదని నా నమ్మకం.

నా దగ్గరున్న కేసులలో సగం మామూలు ఇత్తడివి, మిగతా సగం నికెల్ పూత ఉన్నవి. నికెల్‌వి మా రేంజికి వచ్చే ఒక పెద్దాయన ఇచ్చారు. ఒక్కసారి మాత్రమే కాల్చినవని ఆయన చెప్పారు, చూడటానికి కూడా అలాగే ఉన్నాయి. రెండు రకాలనూ ఒకే డబ్బాలో కలిపి, ఒకే డైలతో (ప్రెస్సులో బిగించే అచ్చులతో), ఒకే క్రింపుతో (బుల్లెట్ చుట్టూ మూతి అంచును నొక్కి బిగించడం) లోడ్ చేస్తూ వచ్చాను. నాలుగో విడత కాల్చి ఇంటికి తెచ్చి చూసుకుంటే నికెల్ కేసులలో ఇరవై దాకా మూతి దగ్గర, అంటే బుల్లెట్ దిగే కొస దగ్గర, చీలి ఉన్నాయి. ఇత్తడి వాటిలో చీలినవి రెండే, అవి కూడా నేను అంతకుముందు చాలాసార్లు వాడినవి.

చీలిక మూతి అంచు దగ్గర మొదలై నిలువుగా కిందికి బియ్యపు గింజంత పొడవున సాగుతోంది. వెంట్రుకంత సన్నగా ఉండటం వల్ల మామూలు వెలుతురులో కంటికి ఆనదు. దీపానికి ఎదురుగా పెట్టి వేళ్ల మధ్య తిప్పితే వెండి రంగు మధ్యలో పసుపు గీతలా కనబడుతోంది. కొన్నింటికి చీలిక లేకపోయినా మూతి అంచున పూత పొలుసుగా లేచి, గోటితో గీరితే రాలుతోంది.

ఇది నికెల్ పూత సహజ లక్షణమా, లేక నా పనిలోనే లోపం ఉందా? చీలకుండా మిగిలిన కేసులను ఇంకా వాడవచ్చా? రాలిన నికెల్ పొలుసులు నా డైలను పాడు చేస్తాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


సమాధానం: పాత_రివాల్వర్ (ఒహాయో)

ఓరుగల్లు వాసి గారికి నమస్కారం. మీరు చూసినది కొత్త విషయం కాదు. రివాల్వర్ తూటాలు ఎక్కువగా రీలోడ్ చేసేవారిలో నికెల్ కేసులు ఇత్తడి కేసులంత కాలం మన్నవని అనని వారు అరుదు, నా అనుభవం కూడా అదే. అయితే నాలుగో విడతకే ఇరవై పోవడం మాత్రం కొంచెం తొందర అనిపిస్తోంది. కాబట్టి తప్పు పూర్తిగా పూతదే అనుకోకుండా, మీరు మూతితో ఎంత పని చేయిస్తున్నారో ముందు చూసుకోవాలి.

.38 స్పెషల్‌కు అమెరికాలో అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం 17,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), దానికన్నా శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటాకు 35,000. మీ వాడ్‌కట్టర్ లోడ్ ఆ 17,000కు కూడా దిగువనే ఉంటుంది. ఇంత తక్కువ పీడనంలో కేసు అడుగు భాగం అలసిపోవడం అరుదు, ప్రైమర్ గుంట వదులవడం కూడా ఆలస్యంగానే జరుగుతుంది. కేసును చంపేది కాల్చడం కంటే ఎక్కువగా మన ప్రెస్సే. ఒక్క విడతలో మూతికి ఏమేమి జరుగుతుందో వరుసగా ఆలోచించండి. కాల్చినప్పుడు ఉబ్బుతుంది, సైజింగ్ డై దాన్ని నొక్కుతుంది, ఎక్స్‌పాండర్ మళ్లీ వెడల్పు చేసి అంచును గంటలా విప్పుతుంది, బుల్లెట్ దిగాక క్రింపు ఆ అంచునే లోపలికి మడుస్తుంది, మళ్లీ కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడానికీ దీనికీ తేడా లేదు. ఎన్నిసార్లు లోడ్ చేశామన్న లెక్క కన్నా ఒక్కోసారి ఆ అంచును ఎంత దూరం వంచామన్నదే కేసు ఆయుష్షును నిర్ణయిస్తుంది.

సీసపు బుల్లెట్లు వాడేవారు చేసే పొరపాటు ఇక్కడే ఉంటుంది. రాగి తొడుగు ఉన్న బుల్లెట్ వ్యాసం .357 అంగుళం అయితే సీసపుది సాధారణంగా .358 ఉంటుంది, పైగా మెత్తన. మూతి సరిగా విప్పకపోతే అంచు సీసాన్ని చెక్కేస్తుంది గనుక, ఎందుకైనా మంచిదని అవసరానికి మించి విప్పుతాం. నేను కూడా మొదటి రెండేళ్లు అలాగే చేశాను. బుల్లెట్ అడుగు భాగం మూతిలో చేతితో పెడితే ఒరిగిపోకుండా నిలబడేంత విప్పితే చాలు. అంచు వెడల్పయినట్టు దూరం నుంచే కంటికి కనబడుతోందంటే అది ఎక్కువే. రెండు మెట్లుగా ఉండే ఎక్స్‌పాండర్ ఒకటి దొరుకుతుంది, లైమన్ వాళ్లు దాన్ని ఎం డై అంటారు. అది మూతి లోపలి భాగాన్ని కొద్ది లోతు వరకు సమానంగా వెడల్పు చేసి, చిట్టచివర మాత్రమే కాస్త విప్పుతుంది. నికెల్ కేసుల విషయంలో నాకు దానివల్ల మేలు జరిగింది.

రెండో సంగతి, కేసుల పొడవు. .38 స్పెషల్ కేసు గరిష్ఠ పొడవు 1.155 అంగుళం. రకరకాల కంపెనీల కేసులు కలిసిపోయినప్పుడు వాటి పొడవులలో తేడా ఉంటుంది. క్రింప్ డైని పొట్టి కేసుకు సరిపోయేలా బిగిస్తే పొడుగు కేసు మూతి అవసరానికి మించి లోపలికి ముడుచుకుంటుంది. మీరు ఇత్తడినీ నికెల్‌నూ ఒకే డబ్బాలో కలిపానన్నారు గనుక అడుగుతున్నాను, పొడవులు కొలిచి చూశారా? వాడ్‌కట్టర్‌కు, అందులోనూ తేలికపాటి లోడ్‌కు, అంచు గరుకుదనం పోయేంత క్రింపు సరిపోతుంది. మాగ్నమ్ లోడ్‌కు పెట్టేంత గట్టి క్రింపు దానికి అక్కర్లేదు.

మిగిలిన వాటిని వాడవచ్చు, కానీ ప్రతి విడతకూ ముందు ఒక్కొక్కటిగా చూడాలి. కంటికన్నా చెవిని నమ్మండి. సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూస్తాం కదా, అదే విద్య. ఏడెనిమిది ఖాళీ కేసులను గుప్పిట్లో వేసుకుని గలగలలాడించండి. అన్నీ బాగుంటే చిన్న గజ్జెల్లా మోగుతాయి. ఒక్కటి చీలి ఉన్నా ఆ మోతలో ఒక మొద్దు శబ్దం కలుస్తుంది. అప్పుడు సగం సగంగా విడదీసుకుంటూ పోతే అది ఏదో దొరికిపోతుంది. చెవి అలవాటు పడ్డాక దీపం కింద తిప్పి చూసే దానికంటే ఇది త్వరగా అవుతుంది.

చీలినదాన్ని మాత్రం ఇంకొక్కసారి అని దాచుకోకండి. మూతి చీలితే బుల్లెట్‌ను పట్టుకునే బిగువు పోతుంది. రివాల్వర్‌లో పక్క గుండ్లు పేలుతున్న ఊపుకు బుల్లెట్ ముందుకు జారి సిలిండర్ తిరగకుండా అడ్డుపడవచ్చు. పిస్టల్‌లో అయితే బుల్లెట్ లోపలికి దిగిపోయి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. శ్రావణంతో మూతి నొక్కేసి చెత్త ఇత్తడి డబ్బాలో వేయండి. నొక్కకుండా వేస్తే ఎప్పుడో ఒకప్పుడు అది మళ్లీ మంచి వాటిలో కలుస్తుంది.


సమాధానం: ఇత్తడిబిందె (పెన్సిల్వేనియా)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, లోహం వైపు నుంచి కొంత చెబుతాను. నేను లోహశాస్త్రం చదువుకున్నాను, అంతకంటే ముందు మా తాతగారి కంచరి కొట్టంలో సెలవులన్నీ గడిపాను. ఈ విషయంలో రెండోదే నాకు ఎక్కువ నేర్పింది.

కేసులకు వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. మెత్తబరిచిన స్థితిలో ఈ ఇత్తడి తెగేలోపు తన పొడవులో సగానికి పైగా సాగగలదు. అంత సాగుదల ఉంది కాబట్టే పలుచటి బిళ్ల నుంచి లోతైన కేసును లాగగలుగుతున్నారు. కానీ చల్లగా ఉన్నప్పుడు వంచినా కొట్టినా అది గట్టిపడుతుంది, గట్టిపడిన కొద్దీ సాగే గుణం పోతుంది. తాతగారు బిందె మూతిని కొడుతూ కొడుతూ, సుత్తి కింద మోత మారగానే ఆపేసి మళ్లీ కొలిమిలో పెట్టేవారు. ఆ మోత మారాక ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే అంచు పగులుతుందని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మీ కేసు మూతికి జరుగుతున్నది అదే, కొలిమి విశ్రాంతి మాత్రం లేదు.

ఇక నికెల్ సంగతి. ఇది విద్యుత్తుతో ఎక్కించే పలుచని పూత. బలం కోసం వేసేది కాదు, మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి ఎందుకు వేయించేవాళ్లమో దాదాపు అందుకే వేస్తారు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము పడుతుంది. అలాగే తోలు బెల్టు గదులలో నెలల తరబడి ఉంచిన ఇత్తడి తూటాలకు, తోలు పదును చేయడానికి వాడిన ఆమ్లాల వల్ల పచ్చని చిలుము పట్టేది. చిలుము పట్టిన తూటా రివాల్వర్ గదిలోకి సాఫీగా దిగదు, కాల్చాక సాఫీగా బయటికి రాదు. ప్రాణం మీదికి వచ్చిన వేళ పోలీసు చేతిలోని తుపాకీ అలా మొరాయించకూడదనే పూత వచ్చింది. ఈనాటికీ గోల్డ్ డాట్, హెచ్‌ఎస్‌టీ లాంటి ఆత్మరక్షణ తూటాల కేసులు నికెల్ పూతతోనే వస్తున్నాయి. వాటిని తయారు చేసేవారి దృష్టిలో ఆ కేసు ఒక్కసారి, తప్పకుండా పనిచేయాలి. ఆరోసారి లోడ్ చేసినప్పుడు ఎలా ఉంటుందన్నది వారి ఆలోచనలో ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

మెరుపు కోసం స్నానంలో గంధకం ఉన్న రసాయనాలు కలిపి వేసే నికెల్, మామూలు నికెల్ కంటే గట్టిగా, తక్కువ సాగేలా ఉంటుంది. కింద ఇత్తడి సాగుతుంటే పైన పూత దానితో సమానంగా సాగలేదు. మొదట పూతలో కంటికి కనబడని పగులు వస్తుంది. ఆ పగులు కొస దగ్గర ఒత్తిడి అంతా పోగవుతుంది. చీర అంచున చిన్న గాటు పెడితే గుడ్డ అక్కడి నుంచే చిరుగుతుంది కదా, అలాగే అప్పటికే గట్టిపడి ఉన్న ఇత్తడిలోకి చీలిక అక్కడి నుంచే దిగుతుంది. పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చేరి ఇత్తడి పెళుసవుతుందని కొందరు రాస్తుంటారు. గట్టి ఉక్కుకు ఆ ముప్పు నిజమే గాని, ఇత్తడి విషయంలో నేను ఆ వివరణకు మొగ్గు చూపను. మూతి మీద పడే పనీ, సాగని పూతా కలిస్తే మీరు వర్ణించిన చీలికకు అవే చాలు.

ఒక్క విషయంలో గట్టిగా హెచ్చరించాలి. మీరు కేసులను దేనితో శుభ్రం చేస్తున్నారు? అమ్మోనియా ఉన్న పాలిష్ ఏదీ వాడకండి. 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాలను వర్షాకాలంలో గుర్రపు శాలలలో నిల్వ చేసేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, కేసు లోహంలో తయారీ నాటి నుంచి నిలిచిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిసి ఎవరూ ముట్టుకోకుండానే కేసుల మెడలు పగిలిపోయేవి. వానాకాలంలోనే కనబడేది గనుక దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు వచ్చింది. కారణం అమ్మోనియా అని తేల్చి వివరించింది 1921లో. లోపలి ఒత్తిడి పోయేలా కేసులను వేడి చేయడంతో ఆ బెడద తగ్గింది. నికెల్ పూత నిండుగా ఉంటే అమ్మోనియా ఇత్తడిని చేరలేదు, కానీ మీ కేసుల మూతి దగ్గర పూత ఇప్పటికే లేచిపోయి ఉంది. అంటే లోహం ఎక్కడ బాగా ఒత్తిడిలో ఉందో సరిగ్గా అక్కడే అది బయటపడి ఉంది.


ఓరుగల్లు_వాసి (డల్లాస్)

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి కూర్చుని చెప్పినవన్నీ చేసి చూశాను. వెర్నియర్ పెట్టి కొలిస్తే పెద్దాయన ఇచ్చిన నికెల్ కేసులు నా ఇత్తడి కేసుల కంటే దాదాపు అన్నీ పొడుగ్గా ఉన్నాయి. క్రింప్ డైని నేను ఇత్తడి కేసు పెట్టుకుని సరిచేశాను. అంటే మూడేళ్లుగా నికెల్ మూతులను అవసరానికి మించి మడుస్తున్నాను. భూతద్దంలో చూస్తే మడత పడిన చోటే వలయంలా పూత చిట్లి ఉంది, చీలికలన్నీ ఆ వలయాన్ని దాటుకుంటూ వెళ్లాయి.

గుప్పిట్లో గలగలలాడించే పద్ధతితో, బాగున్నాయని పక్కన పెట్టిన వాటిలో మరో నాలుగు దొరికాయి. నా కన్ను వాటిని రెండుసార్లు దాటవేసింది. అమ్మోనియా పాలిష్ వాడను, మొక్కజొన్న కంకుల పొట్టుతో టంబ్లర్‌లో (కేసులను తిప్పి శుభ్రం చేసే యంత్రంలో) తిప్పుతాను. అయితే ఇత్తడిబిందె గారి మాటను బట్టి ఒక ఆలోచన వచ్చింది. మూతులను వేడి చేసి మళ్లీ మెత్తబరిస్తే ఈ కేసులు ఇంకొంతకాలం మన్నుతాయి కదా? రైఫిల్ కేసులకు అలా చేస్తారని చదివాను.


సమాధానం: ఇత్తడిబిందె (పెన్సిల్వేనియా)

దయచేసి వీటికి చేయకండి. రైఫిల్ కేసు పొడుగ్గా ఉంటుంది, మెడను వేడి చేసినా అడుగు చల్లగా ఉండేలా చూసుకోవచ్చు. .38 కేసు పొడవు మూడు సెంటీమీటర్లు కూడా లేదు, మూతికి పెట్టిన వేడి క్షణాలలో అడుగుకు చేరుతుంది. పీడనాన్ని నిజంగా మోసేది అడుగు భాగమే. అది గట్టిగానే ఉండాలి, అది మెత్తబడితే కేసు చీలడం కాదు, షూటర్ ముఖానికి దగ్గరగా పగిలే ప్రమాదం ఉంది. పైగా మా తాతగారు వేడిని రంగు చూసి కొలిచేవారు, ఇత్తడి మీద రంగు ఎక్కడి దాకా పాకిందో కంటికి కనబడుతుంది. నికెల్ పూత ఆ గుర్తును కప్పేస్తుంది. మూతి మెత్తబడిందో లేదో తెలియదు, అడుగు పాడైందో లేదో తెలియదు. ఇంత చిన్న కేసు కోసం ఆ సాహసం తగదు.


సమాధానం: గోదారి_గట్టు (న్యూజెర్సీ)

చర్చ చాలా ఉపయోగంగా సాగింది. నేను ఎక్కువగా .45 ఏసీపీ (పిస్టల్ తూటా) కాలుస్తాను గనుక ఆ వైపు నుంచి ఒక మాట. దాని గరిష్ఠ పీడనం 21,000 పీఎస్‌ఐ, అంటే అది కూడా నెమ్మదైన తూటాయే. అది మూతి అంచు మీదే గదిలో ఆనుతుంది గనుక రివాల్వర్ తూటాలాగా మూతిని లోపలికి మడవడానికి వీల్లేదు, విప్పిన మూతిని తిరిగి నిటారుగా చేసేంత టేపర్ క్రింపు మాత్రమే వేస్తాం. నా నికెల్ .45 కేసులలో చాలా వాటి హెడ్‌స్టాంపు (కేసు అడుగున ముద్రించిన) అక్షరాలు అరిగిపోయాయి, మూతులు మాత్రం నిలిచే ఉన్నాయి. పాత_రివాల్వర్ గారు చెప్పిన మాటకు ఇది బలమేనని అనుకుంటున్నాను. అదే పూత, అదే ఇత్తడి, మూతికి పని తక్కువ.

డైల ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. సైజింగ్ డై లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు ఉంటే నికెల్ పొలుసు దానికి అంటుకోవడం కష్టం. పాత ఉక్కు డై అయితే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఊడిన పొలుసు ఒకటి డై గోడకు అతుక్కుంటే ఆ తరువాత వచ్చే ప్రతి కేసు మీదా పైనుంచి కిందికి ఒకే చోట గీత పడుతుంది. అరడజను కేసులను ఒకే వైపు తిప్పి పక్కపక్కన నిలబెట్టి చూడండి. గీతలు అన్నింటి మీదా ఒకేలా ఉంటే లోపం డైలో ఉంది. దాన్ని విప్పి, ద్రావకంతో కడిగి, మెత్తటి పాలిష్ ముద్దతో లోపల రుద్దితే చాలావరకు పోతుంది. మూతి అంచున పూత లేస్తున్న కేసులను అసలు డైలోకి పంపకపోవడం అంతకంటే మంచిది. ఉక్కు పిన్నులతో నీళ్లలో గంటల తరబడి తిప్పడం కూడా నికెల్‌కు పడదు. కేసులు ఒకదాని మూతికి ఒకటి కొట్టుకుని అంచులు ఇంకా గట్టిపడతాయి, ఉన్న పూత లేస్తుంది. మీరు వాడే పొట్టే మేలు, అది కూడా కాసేపే.

నా అభిప్రాయం అడిగితే, రీలోడింగ్ కోసమని డబ్బు పెట్టి నికెల్ కేసులు కొనవద్దు. ఊరికే వచ్చినవాటిని పారేయనూ వద్దు. గడ్డిలో పడితే ఇత్తడి కంటే త్వరగా కనబడతాయి, రివాల్వర్ నుంచి ఒక్క తోపుకు జారి పడతాయి, వేరే లోడ్‌కు కేటాయిస్తే రంగు చూసి గుర్తుపట్టవచ్చు.

ఇంకొకటి, ఈ చర్చను చదివే మన పిల్లల కోసం రాయక తప్పదు. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీనే కాదు తూటాను కూడా దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా నాలుగు తూటాలు చేసి జేబులో వేసుకుని వెళ్లినా అది చిన్న తప్పు కాదు. సొంతానికి రీలోడ్ చేసుకునేవారికి ఇక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గాని, తయారు చేసి అమ్మాలంటే కావాలి. మన దేశంలోనైతే లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే 1959 నాటి ఆయుధ చట్టం కింద శిక్షార్హం. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ చేసి చూపించాలని ఎవరూ అనుకోకండి.


ఓరుగల్లు_వాసి (డల్లాస్)

ధన్యవాదాలు. నాది కార్బైడ్ డైనే, అరడజను కేసులు నిలబెట్టి చూశాను, గీతలు లేవు. నా పత్రాలు కూడా సక్రమంగానే ఉన్నాయి, గ్రీన్ కార్డు వచ్చాకే ఈ వ్యాపకం మొదలుపెట్టాను.

ఈ ఉదయం నికెల్ కేసులన్నింటినీ వేరే డబ్బాలోకి మార్చి, మూత మీద విడతల లెక్క రాసుకున్నాను. పూత లేచినవీ చీలినవీ కలిపి ముప్పైకి పైగా తేలాయి, వాటిని నొక్కి చెత్త ఇత్తడిలో వేశాను. క్రింప్ డైని నికెల్ కేసు పెట్టుకుని కొత్తగా సరిచేసి, మూతి విప్పడం కూడా తగ్గించాను. బుల్లెట్ పెడితే ఒరగకుండా నిలబడుతోంది, సీసం చెక్కుకోవడం లేదు. ఈ శనివారం యాభై కాల్చి, గుప్పిట్లో మోగించి చూసి, ఎన్ని మిగిలాయో ఇక్కడే రాస్తాను.